ఎనిమిదీ నాలుక్కి కదిలిన విమానం

"రెండువేల అయిదువందల అరవై అయిదు మైళ్ళు. అయిదు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు," అని పైకి చదివి, వీరభద్రంగారు ఆ కాగితాన్ని నా ముక్కు దగ్గరికి తెచ్చారు. "నెవార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో. ఇంటర్నెట్‌ల చూసి ప్రింట్ తీసిన. ఇంకేం గావాలమ్మా నీకు?"

నాకు ఆ కాగితం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు ఒక ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ డెస్క్ దగ్గర కూర్చుని విమానాలు లేచే వేళలూ దిగే వేళలూ రాసినదాన్ని. 2001 తర్వాత వాళ్ళు మనుషుల్ని తగ్గించుకుంటే, న్యూజెర్సీలో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ తీసుకుని ఈ పరిశోధనల్లో పడ్డాను. ఇది ఆరో సంవత్సరం. నా పేరు కనకదుర్గ.

వీరభద్రంగారు హైదరాబాద్‌లో డి.ఎస్.పి.గా రిటైరైన మనిషి. ఇక్కడ కొడుకు దగ్గరుంటూ, చనిపోయిన శ్యామ్‌సుందర్ పనిచేసిన కన్సల్టింగ్ కంపెనీకి సలహాలిస్తున్నారు. కంపెనీకి ఈ గొడవ తొందరగా సద్దుమణగాలి. వాళ్ళ ఉద్యోగుల పేర్లు పేపర్లోకి ఎక్కకూడదు. అందుకని శ్యామ్‌సుందర్ రూమ్మేట్, వాళ్ళ ఉద్యోగి కాని అనీష్ మీదికి నేరం పోతే వాళ్ళకి హాయి.

మేమిద్దరం నిలబడింది పార్సిప్పనీలో శ్యామ్‌సుందర్ అపార్ట్‌మెంట్‌లో. గురువారం మధ్యాహ్నం. మంగళవారం ఇక్కడే, వంటగది గుమ్మంలో, అతను తల పగిలి పడి ఉన్నాడు. అల్లం దంచుకునే రాతి పొత్రంతో వెనకనుంచి కొట్టారు. ఆ పొత్రం మీద వేలిముద్రలు అనీష్‌వి. ఉండవా మరి? రోజూ వంట చేసేది అతనే. మాస్టర్స్ చదువుతూ, హాల్లో పరుపు వేసుకుని ఉండే ఇరవైమూడేళ్ళ కుర్రాడు. సోమవారం రాత్రి ఫ్రెండ్ గదిలో ఉండి, మంగళవారం క్లాసు అయ్యాక పదకొండుంబావుకి ఇంటికొచ్చి, పడి ఉన్న మనిషిని ఒళ్ళోకి తీసుకున్నాడు. చేతులనిండా రక్తంతో కేకలు పెడుతుంటే పక్కింటివాళ్ళు చూశారు. పోలీసులు అక్కణ్ణించే తీసుకుపోయారు.

సోమవారం కోర్టు. ఆ రోజు కేసు ఖాయమైతే వీసా పోతుంది, చదువు పోతుంది, మిగిలిన బతుకు జైలు గోడల మధ్య గడిచిపోతుంది. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి అతని అక్క స్పందన ఈ కేసు చూడమని ఫోన్ చేసి ఏడ్చిన ఏడుపు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

"చూడమ్మా, లెక్క సాఫ్‌గుంది," అన్నారు వీరభద్రంగారు. "బాల్కనీ తలుపు తెరిచుండె. ఇల్లంత మంచుగడ్డ. గందుకే డాక్టరు పొద్దున ఐదు నుంచి పదకొండు మధ్యల ఎప్పుడన్న కావచ్చన్నడు. కానీ పదీ ముప్పైమూడుకి శ్యామ్‌సుందర్ ఫోన్‌ల మాట్లాడిండు. ఎనిమిదిమంది విన్నరు. అంటే ఆ తర్వాతనే చచ్చిండు. ఆ తర్వాత ఇంట్లకొచ్చింది ఎవరు? అనీష్."

ఆ ఫోన్ సంగతి నాకూ తెలుసు. రోజూ పదిన్నరకి హైదరాబాద్ టీమ్‌తో స్టేటస్ కాల్. లీడ్ శ్యామ్‌సుందర్ చేరకపోతే, అక్కడి టీమ్ చూసే దేదీప్య అతని సెల్‌కి డయల్ చేసి కాల్‌లోకి లాగింది. 'నో అప్‌డేట్స్, సేమ్ యాజ్ ఎస్టర్‌డే' అని రెండు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. లైన్లో బాగా రొద ఉందని దేదీప్య మీటింగ్ నోట్స్‌లో రాసుకుంది. ఆ సెల్‌ఫోన్ మాత్రం ఇంతవరకూ దొరకలేదు. అది ఎక్కణ్ణించి పలికిందో ఫోన్ కంపెనీ చెప్పడానికి మూడు వారాలు పడుతుందట. కోర్టు నాలుగు రోజుల్లో.

నేను డెస్క్ మీది నోట్‌బుక్ తెరిచాను. శ్యామ్‌సుందర్ ప్రతి ఉదయం కాల్‌కి ముందు తేదీ వేసి మూడు లైన్లు రాసుకునేవాడు. ఏం చేశాడు, ఏం చేయబోతున్నాడు, ఎక్కడ ఆగింది.

"మంగళవారం పేజీ ఖాళీ," అన్నాను.

"అప్‌డేట్స్ లేవన్నడుగా? ఏం రాస్తడు?"

"నాలుగు నెలల్లో ఒక్క రోజు వదల్లేదు వీరభద్రంగారూ. సెలవు పెట్టిన రోజు కూడా 'సెలవు' అని రాసుకున్న మనిషి. సోమవారం కింద ఏముందో చదివారా?"

చదివారు. ఆయన మొహమే చెప్పింది. అమెరికా పోలీసులకి తెలుగు రాదు గనక ఆ రెండు లైన్లూ వాళ్ళకి గీతలే. ఈయనకి వచ్చు. వచ్చి కూడా నోరు మెదపలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

'ఇంటర్వ్యూలో మాట్లాడిన గొంతు రఘువీర్‌ది కాదు. ఇచ్చినవాడు దొరికాడు. బుధవారం మేనేజర్‌కి చెప్పాలి.'

ఫోన్ ఇంటర్వ్యూలో తన బదులు ఇంకొకడిని మాట్లాడించి ఉద్యోగం కొట్టినవాళ్ళు మనలో లేకపోలేదు. బయటపడితే ఉద్యోగం, దాని వెనకే హెచ్ వన్ వీసా, రెండూ ఊడతాయి. అదే కంపెనీలో పనిచేసే రఘువీర్ ఉండేది ఇదే కాంప్లెక్స్‌లో, రెండు బిల్డింగ్‌ల అవతల.

"రఘువీర్ మంగళవారం పొద్దున ఎనిమిదీ నాలుగు ఫ్లైట్‌ల పోయిండమ్మా," అన్నారాయన ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఆన్ టైమ్ డిపార్చర్. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లనే ఉంది. ఆ శ్యామ్ ఫోన్ ఎత్తేటాళ్ళకి ఇతను షికాగో దాటి ఆకాశంల ఉన్నడు. గాల్లకెళ్ళి సెల్‌ఫోన్ పలుకుతదా?"

"ఆ విమానం దిగిందెప్పుడో అడిగారా?"

"దిగింది ఎప్పుడైతే ఏంది? ఎక్కింది గావాలె మనకు."

"రఘువీర్‌తోబాటు వెళ్ళిన పెద్దావిడ కూతురు సుధని నేనడిగాను. వాళ్ళమ్మ దిగింది కాలిఫోర్నియా టైమ్ మధ్యాహ్నం రెండుకి. మన టైమ్ అయిదు. ఎనిమిదీ నాలుగు నుంచి అయిదంటే ఎంతండీ? దగ్గర దగ్గర తొమ్మిది గంటలు. మీ కాగితం అయిదున్నర చిల్లర అంటోంది. మిగతా మూడు గంటలకి పైగా విమానం ఎక్కడుంది?"

ఆయన కాగితాన్ని మళ్ళీ చూసుకున్నారు, అందులో జవాబు ఉన్నట్టు.

"అది మైళ్ళని అయిదువందలతో భాగించి, పైన అరగంట కలిపిన లెక్క. దానికి గాలీ తెలీదు, మంచూ తెలీదు. ఇక డిపార్చర్ అంటే తలుపులు మూసి, బ్రేకులు వదిలి, గేటు నుంచి కదిలిందని. గాల్లోకి లేచిందని కాదు."

ఆయన ఎదుటే నా పాత డెస్క్‌లో ఇంకా పనిచేస్తున్న ఉషాకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. కీబోర్డ్ టకటకలు వినిపించాయి.

"ఆఁ అక్కా, మంగళవారందేగా. గేటు వదిలింది ఎయిట్ ఓ ఫోర్. ఆ రోజు మంచు కదా, రెక్కల మీద ఐస్ కరిగించడానికి పెద్ద లైన్ ఉంది. వీల్స్ ఆఫ్ టెన్ ఫిఫ్టీటూ. పాపం జనం మూడు గంటలు లోపలే కూర్చున్నారు."

గాల్లోకి లేచింది పదీ యాభైరెండుకి. శ్యామ్‌సుందర్ 'మాట్లాడిన' పంతొమ్మిది నిమిషాల తర్వాత.

వీరభద్రంగారి మొహం ఒక్క క్షణం వాడింది. ఎంతైనా పోలీసు, వెంటనే సర్దుకున్నారు. "నేల మీదున్నడు, సరే. ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యొచ్చంటే చేసినట్టేనా? ఎవరు చూసిండ్రు?"

"పక్క సీట్లో ఆవిడ."

"ఆ ముసలామెను ఫోన్‌ల అడిగిన. మీతోని వచ్చిన పిల్లగాడు పక్కకెళ్ళి లేచిండా అంటే, లేదు బాబూ, దిగేదాకా నా పక్కనే ఉన్నడంది. అది రఘువీర్‌కే సాక్ష్యం." కోటు తొడుక్కుంటూ ఆగారు. "మా వాళ్ళను ఊకె సతాయిస్తే కంపెనీ లాయర్ నీ లైసెన్స్ సంగతి చూస్తడు. చెప్పలేదనకు."

"కాగితం మర్చిపోతున్నారు," అన్నాను.

*

శుక్రవారం పొద్దున అదే ఎనిమిది గంటల విమానం ఎక్కాను. ఆ రోజు ఆకాశం శుభ్రంగా ఉంది. చక్రాలు లేచినప్పటినుంచి చక్రాలు తాకేవరకూ గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఆరు గంటల ఎనిమిది నిమిషాలు.

ఒంటిగంటకి శాంటా క్లారాలో, కంపెనీ రఘువీర్‌ని పంపిన క్లయింట్ ఆఫీస్ కెఫెటేరియాలో అతని ఎదురుగా ఉన్నాను. ముప్పై లోపు వయసు, ఇస్త్రీ చొక్కా, మెళ్ళో బ్యాడ్జి. పెరుగన్నం డబ్బా మూత తీశాడు గానీ తినలేదు.

"వీరభద్రం అంకుల్‌కి ఆల్రెడీ అంతా చెప్పాను మేడమ్."

"నాకూ చెప్పండి. మంగళవారం ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు?"

"ఐదు నలభైఐదుకి. సుధగారింటికెళ్ళి వాళ్ళ మదర్‌ని ఎక్కించుకున్నాను. ఆవిడ వాళ్ళబ్బాయి దగ్గరికి వస్తున్నారు. ఒక్కరే రాలేరు, ఇంగ్లీష్ రాదు. నేనెలాగూ వస్తున్నాను కదా, కాస్త తోడు తీసుకెళ్ళమంటే సరేనన్నాను."

"మంచిపని చేశారు. విమానం లేచింది?"

"ఎయిట్ టెన్, ఎయిట్ ఫిఫ్టీన్ అయ్యుంటుంది. సీట్లో కూర్చోగానే నిద్రపోయాను."

"మెలకువ వచ్చేసరికి?"

"కింద కొండలు కనిపించాయి."

"దిగింది రెండింటికి. అంటే గాల్లో ఎనిమిదిన్నర గంటలు దాటింది."

చెంచా డబ్బాలో పెట్టాడు. "హెడ్‌విండ్స్ మేడమ్. వెస్ట్‌కి వచ్చేటప్పుడు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది."

"పడుతుంది. అరగంట, మహా అయితే గంట. అంతకుమించి గాల్లో ఉంటే మధ్యలో ఎక్కడో దిగి ఇంధనం పోయించుకోవాలి."

"ఇక్కడ ఫాగ్ ఉంది. పైన చాలాసేపు తిప్పారు."

"నిద్రపోయానన్నారుగా?"

పక్క టేబుల్ దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. రఘువీర్ ఉలిక్కిపడి అటు చూశాడు.

"ఆ విమానం పదీ యాభైరెండు దాకా నెవార్క్‌లో నేల మీదే ఉంది రఘువీర్. మూడు గంటలు రన్‌వే పక్కన ఇరుక్కుపోయిన మనిషి, ఎక్కడ పడితే అక్కడ చెప్పుకుని తిట్టుకుంటాడు. మీరు నాలుగు రోజుల్లో ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఇట్ వాజ్ నాట్ రెలెవెంట్."

"మీ ఉద్యోగం ఇంటర్వ్యూ ఎవరిచ్చారు?"

మనిషి మొహంలోంచి రక్తం దిగిపోవడం నా కళ్ళతో చూశాను. లేచి నిలబడ్డాడు. "నాకు మీటింగ్ ఉంది. ఇంకేమైనా ఉంటే లాయర్‌తో మాట్లాడండి."

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఇన్నేళ్ళ అనుభవం ఏట్లో కలిసింది. వాడి పొగరు చూసి నాకూ పౌరుషం వచ్చింది.

"మీరు నిద్రపోయినా పక్క సీట్లో పెద్దావిడ నిద్రపోలేదటలెండి," అన్నాను. "రెండున్నరకి ఆవిణ్ణే అడుగుతాను."

*

ఆ పెద్దావిడ, ఉమామహేశ్వరిగారికి డెబ్భై దాటాయి. కొడుకింట్లో ఒక్కర్తే హాల్లో కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఎవరమ్మాయివి, ఏ ఊరు, భోంచేశావా అని మూడు ప్రశ్నలూ ఒకేసారి వేశారు. కోడలు అనూరాధ కాఫీ ఇచ్చి, "స్కూల్‌కి వెళ్ళి పిల్లని తీసుకొచ్చేస్తాను ఆంటీ, ట్వంటీ మినిట్స్," అని కారు తాళాలు పట్టుకుని వెళ్ళింది. గోడ గడియారం రెండూ ముప్పై చూపిస్తోంది. ఆవిడ చేతి గడియారం నాలుగు.

"ఆగిపోయిందా అండీ?"

"ఎందుకాగుతుందే? అది మన ఇండియా టైము. ఈ దేశానికొచ్చి అయిదు నెలలైంది, నేను ముల్లు తిప్పలేదు. మళ్ళీ వెళ్ళేదాన్నేగా! మా సుధ ఇంట్లో ఒక టైమూ, వీడింట్లో ఒక టైమూ. నా మాత్రలు ఎవరి టైముకి వేసుకోను? అందుకని మా ఊరి టైముకే. పొద్దున ఏడు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది."

మన రాత్రి తొమ్మిదంటే న్యూజెర్సీలో పొద్దున పదిన్నర.

"మంగళవారం విమానం ఎక్కారు కదండీ. ఎక్కగానే ఎగిరిందా?"

"ఎక్కడే! కదలడం టయానికే కదిలింది. కాస్త దూరం బస్సులాగా పోయి నిలబడింది. డ్రైవరు మైకులో ఏదో చెబితే అందరూ ఫోన్లు తీసుకున్నారు. ఎంతసేపటికీ ఎగరదే! తర్వాతెప్పుడో క్రేను లాంటిది వచ్చి రెక్కల మీద పచ్చటి నీళ్ళు కొట్టారు. ఎక్కించుకునే ముందు కడుక్కోవద్దూ? నేను తెచ్చుకున్న పులిహోర అయిపోయింది గానీ వాళ్ళ కడగడం అవలేదు."

"ఇవన్నీ వీరభద్రంగారికి చెప్పలేదా?"

"ఫోను చేసినాయనా? ఆయన అడిగితేగా! పక్కనే ఉన్నాడా అన్నాడు, ఉన్నాడన్నా. పెట్టేశాడు."

"తొమ్మిది గంటల మాత్ర విమానంలోనే వేసుకున్నారా?"

"అదే చెప్పబోతున్నా. మాత్ర చేతిలో పెట్టుకుని, బాబూ, ఆ విమానం పిల్లని కాసిని మంచినీళ్ళడగవా అన్నాను. అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. అతని దగ్గర రెండున్నాయిలే. ఒకటి చేతిలో ఉంది, మోగింది రెండోది. దాన్నట్లా చూస్తూ ఉండిపోయాడు. ఎత్తడు, ఆపడు. మోగీ మోగీ, చివరికి ఎత్తి, నాకేసి వేలు నోటిమీద పెట్టుకున్నాడు. ఆఫీసు వాళ్ళేమో, పాపమని ఊరుకున్నా. నీళ్ళు లేకుండానే మింగాను. తొమ్మిదీ మూడయింది. మాత్ర మూడు నిమిషాలు ఆలస్యం."

దేదీప్య పంపిన మీటింగ్ నోట్స్ నా బ్యాగ్‌లో ఉన్నాయి. తీసి చూడక్కర్లేదు, మొదటి లైను నాకు కంఠతా వచ్చు. 'రాత్రి తొమ్మిదీ మూడుకి శ్యామ్‌కి ఫోన్ చేశాం.' హైదరాబాద్ గడియారం, ఈవిడ చేతి గడియారం నిమిషం తేడా లేకుండా ఒకే మాట చెబుతున్నాయి.

"ఫోన్ పెట్టేశాక ఒళ్ళంతా చెమట," అంటున్నారావిడ. "చెమట పడుతూనే వణుకు. జ్వరమొచ్చిందేమోనని నా శాలువా తీసి కప్పాను. అది అతని దగ్గరే ఉండిపోయింది."

"రఘువీర్ ఆ ఫోన్‌లో ఏమన్నాడో గుర్తుందా అండీ?"

"రఘువీరెవరే?"

"మీతో వచ్చిన అబ్బాయి."

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "నీకెవరో తప్పు చెప్పారమ్మా. మా సుధ కాంప్లెక్సులో అబ్బాయి అందే గానీ పేరు చెప్పలేదు. కానీ అతని పేరు శ్యాము కదుటే! ఫోనెత్తి తనే అన్నాడు, 'యా, శ్యామ్ హియర్' అని. ఇంగ్లీషు రాకపోయినా మనిషి పేరు తెలీదూ?"

ఉద్యోగం కోసం ఇంకొకడి గొంతు అరువు తెచ్చుకున్నవాడు, ప్రాణం మీదికొచ్చేసరికి చచ్చినవాడికి తన గొంతు అరువిచ్చాడు. ఈ ఒక్క మాట చాలు, సోమవారం అనీష్ బయటికొస్తాడు. స్పందనకి ఫోన్ చేసి చెప్పాలని చెయ్యి లాగింది. ఆపుకున్నాను. ముందు సాక్ష్యం.

చిన్న టేప్ రికార్డర్ తీసి బల్లమీద పెట్టాను. "ఇదే మాట ఇందులో ఇంకోసారి చెబుతారా అమ్మా? ఒక కుర్రాడి బతుకు దీనిమీద ఉంది."

"అయ్యో, దానికేం భాగ్యం!" అని ఆవిడ సర్దుకుని కూర్చున్నారు. నేను బటన్ నొక్కాను. టేపు తిరగడం మొదలైంది. పులిహోర దగ్గరనుంచి మళ్ళీ అంతా చెప్పారు. మాత్ర, రెండు ఫోన్లు, తొమ్మిదీ మూడు, శ్యామ్ హియర్.

ఆ చివరి మాట అంటుండగా కాలింగ్ బెల్ మోగింది.

"అదుగో వచ్చాడు," అన్నారు ఉమామహేశ్వరిగారు మోకాళ్ళ మీద చేతులానించి లేస్తూ. "ఇందాక నువ్వు రాకముందే ఫోను చేశాడు. మీ శాలువా నా దగ్గర ఉండిపోయింది మామ్మగారూ, తెచ్చిస్తానని. బుద్ధిమంతుడు."

"అమ్మా, తలుపు తియ్యకండి!"

బల్లకి మోకాలు కొట్టుకుని నేను ఒక్క అంగలో లేచాను. ఆవిడ అప్పటికే గడియ తీసేశారు.

గుమ్మంలో రఘువీర్. ఎడమచేతి మీద మడతపెట్టిన మెరూన్ రంగు శాలువా.

"రా శ్యామూ, రా నాయనా, సమయానికొచ్చావు," అన్నారావిడ మొహమంతా నవ్వుతూ. "ఈవిడెవరో నీ పేరు రఘువీరంటుంది. శ్యామని నువ్వే అన్నావుగా ఆ రోజు ఫోన్లో! చెప్పు ఈవిడకి."

అతను ఆవిడ భుజం మీదుగా నన్ను చూశాడు. తర్వాత బల్లమీది రికార్డర్‌ని చూశాడు. లోపలికి ఒక అడుగు వేసి, వెనక్కి తిరక్కుండానే మడమతో తలుపు మూసి, చెయ్యి వెనక్కి పెట్టి గడియ వేశాడు.

"చలిగా ఉంది మామ్మగారూ," అని శాలువా విప్పి, ఆవిడ వెనక్కి వచ్చి, మెడచుట్టూ జాగ్రత్తగా కప్పాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు.

"చల్లగుండు నాయనా," అన్నారావిడ. అతని రెండు చేతులూ శాలువా కొసలు వదల్లేదు.

"మేడమ్," అన్నాడు నాతో, చాలా నెమ్మదిగా. "ఆ టేపు తీసి ఇలా ఇవ్వండి."

అనూరాధ రావడానికి ఇంకా పది నిమిషాలుంది.